మేక గంట, చెవులపిల్లి ఫొటో

మా తోడికోడలి బొబ్బర మొక్కల్ని ఎవరు తింటున్నారన్నది ఆ చలికాలం చివర మా ఇంట్లో పెద్ద తగువు. ఆమె మా మేక అంది. నేను చెవులపిల్లి అన్నాను. కుందేలుని మా వైపు చెవులపిల్లి అంటాం.

ముందు చోటు చెప్పాలి. మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గర ఊరు. సోంపేటలో బస్సు దిగి ఆటో ఎక్కి రావాలి. మా మామగారి జీడితోట ముగ్గురన్నదమ్ములకి మూడు చెక్కలైంది. రోడ్డు వైపుది బావగారిది, మధ్యది మాది, సముద్రం వైపుది మా మరిదిది. మరిది పారాదీప్‌లో పనికి పోయాడు. తోట ఆయన భార్యే, అంటే ఈ తోడికోడలే, చూసుకుంటుంది. పెద్ద తుఫానుకి ముసలి జీడిచెట్లు సగం పైన పడిపోయాయి. పడినచోట కొత్త మొక్కలు పెట్టాం. అవి ఎదిగేలోగా మధ్య ఖాళీలో ఆమె బొబ్బర్లు వేసింది. మా నేల ఇసుక, నీళ్ళు నిలవవు. బోరు దగ్గర బిందె నింపి, చంకనెత్తుకుని, ఒక్కో మొక్క మొదట్లో పోసి బతికించింది. ఆమె కష్టం నేను కాదనను. కష్టపడింది కనకే అంత గట్టిగా అరిచింది కూడా.

మొక్క జానెడు లేచేసరికి పొద్దున్నే చిగుళ్ళు లేవు. మర్నాడు పక్క వరస లేదు. బోరు దగ్గర అందరి ముందూ అడిగింది.

"అప్పా, నీ మేకకి మా బొబ్బరి రుసి తగిలింది. కట్టీ."

అప్పా అంటే మా దగ్గర అక్కా అని. ఆమె నోట్లో ఆ పిలుపు ఒక్కోసారి కర్రలా తగులుతుంది.

"కట్టే ఉంది. రాత్రి పాకలో ఉంటాది. తెల్లారినాక నా ఎనకే నడుత్తాది," అన్నాను.

"నీ ఎనకే నడిత్తే, మా మొక్కలు వాటికవే నడిసి దాని నోట్లోకి ఎల్లిపోనాయేటి?"

"సెవులపిల్లి తింతంది. ఎల్లి సూసుకో."

ఆమె బిందె దింపేసి మరీ నవ్వింది. "సెవులపిల్లా! తుఫానుకి సెట్లే పోనాయి, సెవులపిల్లి మిగిలిందేటి? నయం, పులి తిన్నాదన్లేదు!"

బోరు దగ్గరున్న ఆడవాళ్ళందరూ నవ్వారు. నేను నా బిందె తీసుకుని వచ్చేశాను.

మేక సంగతి కూడా చెప్పాలి. తుఫాను రోజు మేకలపాక కూలి దాని తల్లి చచ్చింది. ఇది అప్పటికి తడి ఆరని పిల్ల. సీసా పట్టి బతికించాను. దాని మీద నాకేదో ముద్దని కాదు. అప్పుడు మా ఇంట్లో నిలబడి ఉన్నది అదొక్కటే. ఇప్పుడది ముసలిది. పూటకి మా ఇద్దరి టీకి సరిపడా పాలిస్తుంది. దాన్ని సంతకి తోలితే పాలకి ఎవరూ కొనరు, కోతకే కొంటారు. అమ్మేయడమంటే కత్తి కిందకి పంపడమే. అది మా ఇంట్లో అందరికీ తెలుసు.

చెవులపిల్లి అని ఊరికే అనలేదు. మా కన్నవారిది సంతబొమ్మాళి వైపు. మా నాన్న చేలగట్ల మీద వల కట్టి చెవులపిల్లుల్ని పట్టేవాడు. వండుకుని తిన్నాం, అందులో దాచేదేం లేదు. అందుకే నాకు తెలుసు. మేక తింటే మొక్కని లాగుతుంది. ఇసుకలో వేరు నిలవదు కనక సగం మొక్కలు వేళ్ళతో లేచి వస్తాయి. కాడ నలిగి పీచులా ఉంటుంది. ఆమె మడిలో ఒక్క మొక్కా వేరుతో లేవలేదు. కాడలు కొడవలితో ఏటవాలుగా కోసినట్టు ఉన్నాయి. పక్కనే పెంటికలు. మేకవి నల్లగా కోలగా ఉంటాయి. ఇవి గుండ్రంగా, గడ్డిరంగులో, చేత్తో నలిపితే పొడి అయిపోయేవి. జీడాకులో నాలుగు మూటగట్టి బావగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

బావగారు మా ఆయనకి పెద్దన్న. మోకాళ్ళ నొప్పులు, తోట దాకా నడవలేడు. వీధి అరుగు మీదే కూర్చుంటాడు. ఇంట్లో తగువులు అక్కడే తెగుతాయి. నేను ఆకు విప్పాను. మా తోడికోడలు ముక్కు మూసుకుంది.

"పెంటికలు తెచ్చి పంచాయితీ ఎడతన్నాది సూడండి!"

బావగారు ఆకు దగ్గరికి వంగి చూశాడు. చూసి వెనక్కి వాలాడు. "పెంటిక మీద పేరు రాసుండదు కదమ్మా. మడిసి కంటికి కనపడాల," అన్నాడు. మోకాలు రుద్దుకుంటూ మళ్ళీ అన్నాడు. "వచ్చీ సంత దాకా గడువు. ఈలోగా నీ సెవులపిల్లిని సూపించు. నాను రాలేను, పోనులో పొటో తీసి తే. సూపించకపోతే మేకని సంతకి తోలీ. ఇంట్లో గొడవ బోరు కాడికి ఎల్లడం నాకు బాగోలేదు."

నేను సరే అన్నాను. మా ఆయన నా వైపు చూసిన చూపు నాకు కనపడింది గాని అప్పటికే నోరు జారిపోయింది.

ఫోను మా ఆయనదే. పలాసలో జీడిపిక్కల రేటు కనుక్కోవడానికి కొన్నాడు. చదువు నాకంటే ముందే వచ్చినా ఆ ఫోనులో ఆయన చూసేది పచ్చగుర్తు, ఎర్రగుర్తు మాత్రమే. నేను అక్షరాలు నేర్చింది మనవలు పుట్టాక. నేర్చుకున్నాక ఎక్కడ తెలుగు కనపడినా చదవకుండా ఉండలేను. ఫోను లోపలంతా తెలుగు పెట్టుకోవచ్చని తెలిసి అలాగే పెట్టించాను. ఫొటో తీస్తే మెరుపు వస్తుందని, టిక్కుమని చప్పుడవుతుందని తెలిశాక, కూడబలుక్కుని చదువుతూ రెంటినీ ఆపేశాను. అది ఆ పూట పని.

అసలు కష్టం చెవులపిల్లి కాదు, ఎలుగుబంటి. మా జీడితోటల్లో ఎలుగులు తిరుగుతాయి. మసక వెలుతుర్లో తోటలోకి వెళ్ళేవాళ్ళెవరూ నోరు మూసుకుని వెళ్ళరు. దగ్గుతూ, కేకలేస్తూ, రేకు డబ్బా కొడుతూ వెళ్తారు. ఎలుగుకి మనం వస్తున్నట్టు ముందే తెలియాలి. తెలియక ఎదురుపడితేనే మీద పడుతుంది. చెవులపిల్లి కూడా ఆ మసక వెలుతుర్లోనే మేతకొస్తుంది. దానికి మాత్రం మనం వస్తున్నట్టు తెలియకూడదు. ఈ రెండూ ఒక్కచోట ఎలా కుదురుతాయి?

మొదటి రోజు కుదరలేదు. నేను ఒంటరిగా పోతానంటే మా ఆయన ఒప్పుకోలేదు. రేకు డబ్బా, కర్ర పట్టుకుని నా ముందు నడిచాడు. డబ్బా మోతకి తోటలో కాకులు కూడా లేచిపోయాయి.

"కొట్టకు మావా," అన్నాను.

"కొట్టకపోతే ఎలుగ్గొడ్డొత్తాది."

"కొడితే సెవులపిల్లి రాదు."

"రాకపోతే మేక పోతాది. ఎలుగొత్తే నువ్వు పోతావు. ఏది గావాలో సెప్పు."

మొదటి రోజు ఫొటోలో ఇసుక ఉంది, మా ఆయన కాలు ఉంది.

మర్నాడు నాకో ఉపాయం తోచింది. మేక మెడలో గంట ఉంది. అది మేస్తున్నంతసేపూ ఆ గంట మోగుతూనే ఉంటుంది. ఎలుగుకి ఆ చప్పుడు చాలు. చెవులపిల్లికి మేకంటే భయం లేదు. పుట్టిన దగ్గర నుంచీ ఆ తోటలో ఆ గంట వింటూనే ఉంది. అందుకని మేకని తాడుతో పట్టుకుని వెళ్ళాను. మా ఆయన్ని తోట మొదట్లో ఆపేశాను. మా చెక్కకీ తోడికోడలి చెక్కకీ మధ్య మొగలిపొదల పక్కన తాడుని ఒక మొద్దుకి కట్టి, నేను సముద్రం వైపు జరిగి కూర్చున్నాను. తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం మీదకి తోస్తుంది. సముద్రం వైపు కూర్చుంటే నా వాసన దాని దాకా పోదు. సూర్యుడు కూడా నా వీపు వెనక లేస్తాడు, వెలుతురు దాని మీద పడుతుంది. మా నాన్న వల కట్టేటప్పుడు చూసేది గాలి ఒక్కటే. వెలుతురు సంగతి నేను కలుపుకున్నాను.

వచ్చింది. ముందు చెవులే కనపడ్డాయి. మొగలిపొద అంచున ఆగి, ముందుకాళ్ళు లేపి నిలబడి, మేక గంట విని, దిగి మడిలోకి నడిచింది. బొమ్మ పెద్దదవడానికి అద్దం మీద రెండు వేళ్ళు విడదీశాను. విడదీసేకొద్దీ మసకైపోయింది. అయినా తీశాను. తీసింది తీసినట్టే అరుగు దగ్గరికి పట్టుకెళ్ళాను. అదే పొరపాటు.

బావగారు ఫోనుని కళ్ళదగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఈ గోధుమరంగుదేటి? కొబ్బరి డొక్కా?"

"అదే సెవులపిల్లండి."

"మరి ఎనకాల తెల్లగా ఉన్నదేటి?"

తాడు ఫొటోలో పడలేదు. మొద్దు పడలేదు. మేక మాత్రం నిండుగా పడింది. తల బొబ్బర మడి వైపే తిప్పి ఉంది కూడా. మా తోడికోడలు వెనక నుంచి తొంగి చూసింది.

"మేక ఎంత బాగా పడినాదో! పెళ్ళిసూపులకి పంపీలాగున్నాది. అప్పా, నీ సాచ్చానికి నీ మేకే వచ్చి నిలబడిందే!"

బావగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. "గడువు ఉన్నాది కదా, మళ్ళీ తియ్," అని ఫోను నా చేతికిచ్చాడు. ఆయన గొంతులో జాలి వినపడింది. నాకు ఒళ్ళు మండింది.

ఆ రోజు నుంచీ మేకని పాకలోనే వదిలి, దాని గంట విప్పి నా నడుముకి కట్టుకున్నాను.

మా ఆయన మంచం మీద నుంచి చూశాడు. "మేక ఇంటికాడ, గంట నీ నడుంకి. సాయంత్రం పాకలో రెండు కట్టలు గెడ్డి ఎయ్యమంటావేటే?"

"ముందు నువ్వు తినకుండా మిగిలిత్తే ఎయ్యి," అన్నాను.

నడిచేటప్పుడు గంట దానంతటదే మోగేది. కూర్చున్నాక మధ్యమధ్య వేలితో కదిపేదాన్ని. మేక ఎలా మోగిస్తుందో అలాగే: నాలుగు కొరుకులకి ఒకసారి, ఈగ వాలితే గబగబా రెండుసార్లు. మా ఆయన తోట మొదట్లో కర్ర పట్టుకుని ఆ గంట వింటూ కూర్చునేవాడు. ఆగిపోతే పరిగెత్తుకు రమ్మన్నాను.

చెవులపిల్లి రోజూ వచ్చింది. కానీ అది వచ్చేది చీకటి విడవకముందు. ఆ వెలుతుర్లో ఆ ఫోను పట్టేది బూడిదే. బాగా వెలుతురొచ్చేసరికి అది మడి దాటి వెళ్ళిపోయేది. ఎక్కడికి పోతుందో కనుక్కోడానికి నేను కదలకుండా కూర్చుని చూశాను. తిన్నగా పోదు. కొంత దూరం పోయి, వచ్చిన దారినే వెనక్కి వచ్చి, ఒక్క గెంతు పక్కకి గెంతుతుంది. కుక్క వాసన పట్టినా అక్కడ తప్పుతుందని మా నాన్న చెప్పేవాడు. ఆ గెంతు దగ్గర నుంచి చూస్తే, మా తోడికోడలి చెక్కలో తుఫానుకి వాలినా చావని ముసలి జీడిచెట్టు ఒకటుంది. దాని కొమ్మ ఒకటి నేలమీదే పాకుతుంది. ఆ కొమ్మ కింద ఎండుటాకుల్లో చిన్న పళ్ళెమంత గుంట. అదే దాని పడక. పగలంతా అందులో అణిగి ఉంటుంది.

అటువైపు పని ఉన్నట్టు ఏటవాలుగా నడిచాను, తిన్నగా దాని వైపు చూడకుండా. దగ్గరికి వెళ్ళి ఫొటో తీశాను. అది కదల్లేదు, నేను కూడా ఆగలేదు. ఇంటికి తెచ్చి చూస్తే ఎండు జీడాకులు. దాని వీపూ ఆకూ ఒకటే రంగు. ఎక్కడ ఉందో నాకే తెలియలేదు.

"ఆకులు బాగా వచ్చినాయి," అన్నాడు మా ఆయన. ఈసారి ఎగతాళికి అనలేదు. అది నాకింకా బాధ.

మర్నాడు సంత. మిగిలింది ఒక్క పొద్దు. పడక తెలిసింది, మడి తెలిసింది, రెంటి మధ్య అది దాటే జాగా తెలిసింది. ఎవరూ అటు కదలకపోతే ఆ జాగాలో సూర్యుడు లేచాక కూడా కాసేపు ఆగుతుంది. కాడ నోట్లో ఉండగా తీయగలిగితే చాలు. అందుకని సాయంత్రం నాకు నేనే తోడికోడలి వాకిట్లోకి వెళ్ళాను.

"రేపు పొద్దున్న నువ్వు తోటలోకి రాకు. నీళ్ళు తరవాత పోసుకో."

"ఎందుకూ?"

"పొటో తియ్యాల."

"మా సెక్కలోనే తీత్తావా?"

"నీ సెక్కలోనే. కొమ్మ వాలిన సెట్టు కాడ."

"బావగారు సూత్తారు కదా?"

"బావగారేటి, ఊరంతా సూత్తాది," అన్నాను. గొప్పకి అన్నాను. ఆ మాట అనకపోతే తర్వాత జరిగింది జరిగేది కాదు.

ఆమె తలూపింది. అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అని అప్పుడే అనుమానపడాల్సింది.

పొద్దున్న గంట కట్టుకుని వెళ్ళేసరికి నాకా తోట పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. నేలంతా ఊడ్చి ఉంది. ఎండుటాకులు ఒక్కటి లేవు, చెట్ల మధ్య కుప్పలు పడి ఉన్నాయి. గడ్డి చెక్కేసి ఉంది. బొబ్బర మడి చుట్టూ కూడా చీపురు గీతలు దువ్వినట్టు తిన్నగా ఉన్నాయి. వాలిన కొమ్మ కింద కూడా ఊడ్చింది. పడక లేదు. ఆమె అవతల చివర, ఇంకా వంగి ఊడుస్తోంది. మనిషి అలికిడి ఎలుగుకి తెలియడానికి నోట్లో ఏదో పాట కూడా పాడుకుంటోంది.

జీడిపిక్కలు రాలే కాలానికి ముందు మా వైపు అందరూ చెట్టుకింద ఊడుస్తారు. ఊడ్చిన నేలమీద పిక్క పడితే దూరం నుంచి కనపడుతుంది, ఆకుల్లో పడితే ఎలక పాలో మట్టి పాలో. అంతేకాదు. ఏ ఇంటి ఆడది ఎలాంటిదో చెట్టుకింద నేల చూసి చెప్పేస్తారు. అది నాకు తెలియంది కాదు. నేను కూడా అలా చెప్పేదాన్నే.

"ఏటి సేసినావే?" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆమె నడుం నిలబెట్టింది. "ఊడ్సినాను. పొద్దుగూకీదాకా ఊడ్సినాను, మిగిలింది ఇప్పుడు. పొటో అన్నావు కదప్పా?"

"నిన్ను రావద్దన్నాను కదా!"

"ఊరంతా సూత్తాదన్నావు. సెత్త పడున్న సెక్కని ఊరంతా సూత్తే నన్నేటంటారు? మొగుడు ఊళ్ళో లేడు, తోటని అడివి సేసీసిందని అనరేటి? ఇప్పుడు తియ్. ఎంత బాగుందో సూడు."

"దాని పడక ఊడ్సీసినావు! అదింక ఈ సుట్టుపట్లకి రాదు!"

"ఏది రాదు?"

"సెవులపిల్లి!"

"ఉంటే కదా రావడానికి," అంది. కానీ ఈసారి నవ్వలేదు. నా ముఖం చూసినట్టుంది. పాకలో మేక గంట లేకుండా నా కోసం అరుస్తూ ఉంటుందని, ఇంకాసేపటికి దాన్ని సంతకి తోలుకుపోవాల్సిందేనని అనిపించింది. ఆ ఇసుకలోనే కూలబడ్డాను.

కూలబడినందుకే కనపడింది. బొబ్బర మడి వైపు ఆమె సాయంత్రమే ఊడ్చేసింది. ఆ చీపురు గీతల మీద అడుగులున్నాయి. చిన్నవి రెండు ఒకదాని వెనక ఒకటి, వాటికి ముందు పొడుగువి రెండు పక్కపక్కన. కొంచెం వదిలి మళ్ళీ అవే. మొగలిపొద నుంచి మడిలోకి, మడిలో వరస వెంట. వరస చివర రెండు కాడలు ఏటవాలుగా తెగి ఉన్నాయి, తెగినచోట ఇంకా తడి ఉంది. మేక డెక్క ఒక్కటి లేదు. ఆమె పాదాలున్నాయి, ఆ నాలుగేసి గుర్తులున్నాయి, అంతే.

"ఇలగ్రా," అన్నాను.

వచ్చి నా పక్కన వంగింది. చీపురు చేతిలోనే ఉంది. చాలాసేపు చూసింది.

"కుక్కేమో," అంది మెల్లగా.

"కుక్కకి నాలుగూ ఒకేలాగుంటాయి. ఇవి సూడు, ఎనక కాళ్ళు ముందు పడినాయి."

ఆమె చూపు ఆ అడుగుల వెంట మడి రెండో చివర దాకా పోయింది. అక్కడ ఆగిపోయింది. ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ కుదుపుకి నా నడుం గంట మోగింది. ఇక పోయిందనుకున్నాను.

పోలేదు. ఆ గంట దానికి అలవాటే. పడక లేక ఎటు పోవాలో తెలియనట్టు బొబ్బర వరసలోనే అణిగి ఉంది. చెవులు వీపు మీదకి వాల్చి ఉన్నాయి. మేమిద్దరం కదల్లేదు. నేను వేలితో గంట కదిపాను, నాలుగు కొరుకులకి ఒకసారి. కొంతసేపటికి చెవులు లేచాయి. తల పక్కకి తిప్పి, దగ్గరున్న కాడని కొరికింది. కాడ మొదలు దాని నోట్లోకి పోతుంటే చివర ఆకులు పైన ఊగుతున్నాయి. అప్పుడే మా వెనక సూర్యుడు నీళ్ళ మీదకి వచ్చాడు. దాని చెవుల మీద ఎండ పడి, లోపలి నూగు కూడా కనపడింది. కింద ఇసుక మీద చీపురు గీతలు. ఆ ఊడ్చిన నేలమీద అది ఎంత స్పష్టంగా కనపడిందంటే, ఆకుల్లో ఉన్నప్పుడు నేను తీసినవన్నీ ఎందుకూ పనికిరావు.

"ఎంతున్నాదప్పా!" అంది నా చెవిలో. "సిన్నప్పుడు సూసినాను. మళ్ళీ ఇదే. తియ్, తియ్."

తీశాను. అది తింటున్నంతసేపూ తీశాను. తర్వాత అది లేచి, తొందరేమీ లేకుండా, మొగలిపొదల్లోకి పోయింది.

నేను ఫోను తెరిచి ఆమెకి చూపించాను. చెవులున్నాయి, కన్ను ఉంది, నోట్లో కాడ ఉంది. మేక లేదు. ఆమె చీపురు కింద పడేసి ఫోను రెండు చేతులతో పట్టుకుంది. నేను లేచి ఇసుక దులుపుకున్నాను.

"పద అరుగు కాడికి," అన్నాను.

ఆమె కదల్లేదు. "అప్పా, ఇది సూపిత్తావా?"

"మరి? సూపించడానికే కదా ఇన్నాళ్ళూ నాను సచ్చింది."

"అరుగు మీద సూపిత్తే ఊరంతా సూత్తాది. సాయంత్రానికి కుక్కల్ని తోలుకుని, వలలేసుకుని కుర్రోళ్ళు దిగుతారు. ఫారెస్టోళ్ళు కేసెడతారన్నా ఆగరు. నా మడిలోనే పరిగెడతారు. ఇది తిన్నది రెండు వరసలు. ఆళ్ళు తొక్కితే మొత్తం పోతాది."

నేను దాని గురించి ఆలోచించలేదు. ఆమె చెప్పాక ఆలోచించాను. వల కట్టేవాడి కూతుర్ని నేను; కుక్కలు పడితే ఏమవుతుందో ఆమెకంటే నాకే బాగా తెలుసు.

"మరి నా మేక?"

"నీ మేక కాదని నాను సెప్తాను."

"ఎలగ సెప్తావు?"

"నోటితోనే. అన్నది ఈ నోరే కదా."

అరుగు దగ్గర బావగారు టీ తాగుతున్నాడు. బయట ఇద్దరు ముగ్గురున్నారు. సంత మాట ముందురోజు నుంచీ నలుగుతోంది కనక ఎవరి చెవులు వాళ్ళు ఇటే పెట్టారు. ఫోను నా బొడ్లో ఉంది. ఆమె నాకంటే ముందు మాట్లాడింది.

"మేక కాదు బావగారూ. ఎలకలు."

"ఎలకలా?"

"మడి గట్టు కింద కన్నాలున్నాయి. నానే సరిగా సూసుకోలేదు. అప్పని ఊరికే అన్నాను."

బావగారు గ్లాసు కింద పెట్టాడు. "మరి సెవులపిల్లి?"

"తుఫానుకే పోనాయి కదండీ. ఇప్పుడెక్కడుంటాయి?"

ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. బావగారు నా వైపు చూశాడు. అరుగు దగ్గరున్న వాళ్ళందరూ నా వైపు చూశారు. "నువ్వేటంటావమ్మా? పొటో దొరికిందా?" అని అడిగాడు.

నేను నా జన్మలో అబద్ధమని తెలిసి ఒప్పుకున్న మాటలు లెక్కపెట్టుకోవచ్చు. ఉన్నది ఉన్నట్టు అనేస్తానని మా ఊళ్ళో నాకు పేరు, మంచిదో చెడ్డదో. ఫోను బొడ్లో వెచ్చగా తగులుతోంది.

"లేదండి," అన్నాను. "ఎలకలే అయ్యుంటాయి."

"మొత్తానికి తెగింది. మేకని ఉంచుకోండి," అని ఆయన గ్లాసు ఎత్తుకున్నాడు.

ఇంటికెళ్ళి గంట విప్పి మేక మెడకి కట్టాను. మా ఆయనకి ఫొటో చూపించాను. చాలాసేపు చూసి, "సెవులపిల్లికి ఇంత బాగా ఎవరు ఊడ్సినారే?" అన్నాడు. జరిగింది చెప్పాను. ఈసారి ఎగతాళి చెయ్యలేదు.

ఆ ఎండాకాలమంతా బోరు దగ్గర నన్ను ఆడించారు. "అప్పా, సెవులపిల్లి దొరికిందేటి?" "అప్పా, గంట కట్టుకుని ఎలకల్ని పట్టినావంట?" నేను బిందె నింపుకుని వచ్చేసేదాన్ని. మా తోడికోడలు ఆ మాటలప్పుడు తల ఎత్తేది కాదు. ఒక రోజు మాత్రం ఎవరో మరీ ఎక్కువ నవ్వితే, "నీ నీళ్ళు పారిపోతన్నాయి, పంపు కట్టుకోయే ముందు," అంది. అంతకంటే ఆమె ఏమీ అనలేదు, నేను కూడా ఆశించలేదు. మధ్యాహ్నం పూట ఎప్పుడైనా మా గుమ్మంలోకి వచ్చి, తడి చెయ్యి చీరకి తుడుచుకుని, "ఆ పొటో ఓసారి సూపించప్పా," అంటుంది. చూసి, ఇచ్చేసి పోతుంది.

మరుసటి ఏడాది పిక్కలు రాలే కాలం ముందు అందరం మళ్ళీ తోటలు ఊడ్చాం. ఆమె చెక్క ఎప్పట్లాగే అద్దంలా ఉంది, వాలిన కొమ్మ కింద తప్ప. అక్కడ ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి. బావగారి భార్య పిక్కలేరడానికి వచ్చి అది చూసింది. చూస్తే ఊరుకునే మనిషి కాదు.

"ఆ కొమ్మ కింద వదిలీసినావేటే? బద్దకమా?"

మా తోడికోడలు చీపురు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది.

"అవునప్పా," అంది. "నడుం వంగట్లేదు."